చంకల్లో నీళ్లు

ఆ క్లాసు ఇంజన్ల చరిత్ర చెప్పమన్నారు.
కాగితం మీద అది పొట్టిదే:
పద్దెనిమిది వందల తొంభై ఏడు, లీడ్స్‌లో తయారీ,
కలిపి కట్టిన చక్రాలు మూడు జతలు, వెనక చిన్న జత ఒకటి,
మొత్తం పన్నెండు ఇంజన్లు,
నలభై ఒకటి నుంచి యాభై రెండు దాకా.
పేర్లు పెట్టలేదు. పేర్లు దొరల్ని మోసే ఇంజన్లకి.
మావి బొగ్గు మోసేవి.

వెనకాల వేరే నీళ్లబండి ఉండదు వీటికి.
చెరో చంకన బిందె ఇరికించుకున్న మనిషిలా
బాయిలరుకి అటొకటి ఇటొకటి తొట్టి,
వీపున గంపెడు బొగ్గు.
దూరాలు పోలేవు.
పోవాల్సిన దూరమూ లేదు మా వేల్స్ లోయలో:
పైన గని, కింద రేవు,
మధ్యన పద్దెనిమిది మైళ్ల వాన.

మా నాన్న ఇస్లూయిన్ ప్రొథరో
నలభై ఏడులో పదకొండేళ్లు బొగ్గేశాడు, తర్వాత నడిపాడు.
ఆయన చెప్పిన సంగతి మీ పుస్తకాల్లో ఉందో లేదో:
తొట్లు నిండుగా ఉన్నంతసేపే
చక్రం పట్టాని గట్టిగా పట్టుకుంటుంది.
ఎక్కుతూ, తాగుతూ, ఇంజను తేలికవుతుంది,
తేలికైన కొద్దీ కాళ్లు జారతాయి.
సరిగ్గా ఎత్తు ఎక్కువయ్యే చోటే నీళ్లు అడుగంటుతాయి.
అప్పుడు ఇసక పోయాలి,
దానికి వినపడేలా తిట్టాలి.

ఇరవై మూడులో పెద్ద కంపెనీ మింగేసింది మమ్మల్ని.
బడి మారిన పిల్లలకి రోల్ నంబర్ మారినట్టు
పన్నెండింటికీ కొత్త అంకెలు, ఆకుపచ్చ రంగు,
రాగి టోపీ పెట్టిన పొగగొట్టం.
నలభై ఎనిమిదిలో దేశమే కొనేసింది, మళ్లీ రంగు మార్చింది.
షెడ్డులో మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.
"నలభై ఏడుకి నిప్పు రాజేశావా?" అనే అడిగేవారు,
దాని నుదుటి మీద ఏం రాసున్నా సరే.

రేవు మీద బాంబులు పడ్డ ఫిబ్రవరి రాత్రి
యాభై ఒకటి తొట్టి పగిలింది.
నీళ్లన్నీ పట్టాల మధ్య గడ్డకట్టాయి.
పొద్దున్నే పిల్లలం దాని మీద జారుతూ ఆడుకున్నాం.
ఎవరు చనిపోయారో మధ్యాహ్నం గానీ చెప్పలేదు మాకు.

నలభై ఏడుకి ఎడమ తొట్టి కారేది,
కింది అతుకులో, మూడో రివెట్టు దగ్గర.
వర్క్‌షాపుకి రాస్తే జవాబు రాదు.
నాన్న వంటింట్లోంచి గుప్పెడు ఓట్స్ తీసుకెళ్లి
తొట్టిలో పోసేవాడు.
అవి నాని, ఉబ్బి, సందులో ఇరుక్కుని, ధార ఆపేవి.
"పిల్లల గంజి ఇంజనుకి పెడుతున్నావా" అని అమ్మ అరుపు.
"అదీ మన పిల్లే" అనేవాడాయన, డబ్బా మూత పెట్టకుండానే వెళ్తూ.

యాభై ఏడులో తూకానికి అమ్మారు.
ముందు నలభై నాలుగు, విడిభాగాలకి.
నలభై తొమ్మిది ఒక గనికి పోయి ఇంకో నాలుగేళ్లు బతికింది.
మిగతావి ఏ క్రమంలో పోయాయో నేను రాసుకోలేదు.
నాన్నని డీజిల్ నేర్చుకోమన్నారు.
ఆరు వారాలు వెళ్లాడు, మానేశాడు.
ఆ తర్వాత ఇంట్లో ఆయన నడక నాకు నచ్చలేదు.
చేతిలో టీ కప్పు ఉంటే బాగానే నడిచేవాడు.

ఒక్కటి కూడా మిగల్లేదు అని రాసుకుంటున్నారు కదా,
రాసుకోండి, ఇంజను లెక్కన అది నిజమే.
కానీ కొండ మీద టుడుర్ బెవన్ పొలంలో
గొర్రెలు నీళ్లు తాగే తొట్టి చూశారా?
పై రేకు కోసేశారు, రంగు ఎప్పుడో పోయింది.
వాన నింపుతుంది, గొర్రెలు ఖాళీ చేస్తాయి.
కింది అతుకులో మూడో రివెట్టు దగ్గర
ఇంకా చుక్కచుక్కగా కారుతోంది,
ఆ కింద అడుగు మేర గడ్డి
కొండంతటి మీద వేరే పచ్చన.

నేను వెళ్లినప్పుడల్లా
కోటు జేబులో గుప్పెడు ఓట్స్ ఉంటాయి.
గొర్రెలకని అనుకుంటాడు టుడుర్.
అనుకోనీ.