చక్రం ఆగితే మెలకువ

బ్రిటనీ ఉత్తర తీరంలో పుట్టినవాళ్లకు
ఆకుపచ్చంటే కాస్త భయం.

ఆ ఏడు జూలైలో సముద్రం
ఒడ్డంతా నాచు పరిచి వెనక్కి పోయింది.
ఎండకు పైపొర తెల్లబడి అట్టకట్టింది,
అడుగున కుళ్లిన గుడ్ల కంపు.
మా కుక్క బ్రాన్ దాని మీదికి పరుగుతీసింది.
పరుగు పూర్తికాలేదు.
తమ్ముడు గుల్వెన్ ముక్కుకు చొక్కా కట్టుకుని
దాన్ని భుజాన వేసుకొచ్చాడు.
ఆ రాత్రంతా వాడికి వాంతులు.

ఆ నాచును ఎవరు పెంచారని
పేపరువాళ్లు అడిగారు.
నేను నోరు మెదపలేదు.
నాకు ఎనిమిది వందల పందులు.
కొట్టాల కింద గుంటలు.
గుంటలోది పొలానికి, పొలంలోది వానకు,
వానలోది వాగుకు.
వాగుకు దాచుకోవడం చేతకాదు,
తెచ్చింది తెచ్చినట్టే సముద్రానికి అప్పజెప్పింది.

ఇప్పుడు కొట్టం వెనక
పరుగుపందెం బాటలా మెలితిరిగిన చెరువు,
లోతు జానెడు.
తెడ్ల చక్రమొకటి రేయింబవళ్లు నీళ్లను తోస్తుంటుంది.
వడగట్టి, పదింతలు నీళ్లు కలిపిన మురుగులో
ల్యాబు కుర్రాడు త్యుగ్దువాల్
సీసాడు పచ్చనీళ్లు ఒంపాడు,
పాలకు తోడు వేసినట్టు.
"కంటికి ఆనవు అజిలిజ్ గారూ,
ఆకలి మాత్రం మీ పందులదే."

మొదటి వారం టీ నీళ్లు.
రెండో వారం పచ్చిబఠాణీ.
మూడో వారం, ఒక్క రాత్రిలో, బురద రంగు.
ఏవో నీటిపురుగులు మొత్తం మేసిపోయాయి.
పొరుగు రైతు జుడికేల్ కంచె మీద మోచేతులు ఆన్చి
"సముద్రంలో ఊరికే పెరిగేదాన్ని
డబ్బు పోసి పెంచుతున్నావా?" అన్నాడు.

ముల్లును ముల్లుతోనే తియ్యాలంటారు.
ఈ ముల్లు మహా సుకుమారం.
చలికి ముడుచుకుంటుంది,
ఎక్కువ తినిపిస్తే అలుగుతుంది.
మార్చిలో ఇక్కడి ఎండ మొహమాటపు చుట్టం,
గడప దాటకముందే వెళ్లొస్తానంటుంది.
మళ్లీ తోడు. మళ్లీ టీ నీళ్లు.

జూన్‌లో మొదటి కోత.
యంత్రం గిర్రున తిరిగి విదిల్చితే
బకెట్టులో ముద్ద, ఉడికిన పాలకూరలా,
కోసిన గడ్డి వాసన, దాని వెనక చేప వాసన.
ఆర్టిచోక్ మడులకు వేశాం.
ఒక బకెట్టుకు
ఎన్ని రోజుల ఎండ పట్టిందో లెక్కపెట్టబోయి
మానేశాను.

చెరువు నీళ్లు వాగులో కలిసే చోట
కాగితం పట్టీ ముంచి చూస్తాను.
గులాబీ ఎంత చిక్కనైతే తప్పు అంత పెద్దది.
పోయినేడు బీట్‌రూట్.
నిన్న, పిల్లి నాలుక.
తెలుపు కాలేదు.
వాగు పొడుగునా నలభై కొట్టాలున్నాయి,
చెరువు ఒక్కటే.

ఒకప్పుడు బ్రాన్ మొరిగితే మెలకువ వచ్చేది,
ఇప్పుడు చక్రం ఆగితే.
నిన్న రెండింటికి ఆ నిశ్శబ్దమే లేపింది.
నైటీ మీదే రబ్బరు బూట్లు, చేతిలో టార్చి.
తెడ్ల మధ్య ఎండుకొమ్మ ఇరుక్కుంది.
లాగుతుంటే కొమ్మ మీద
ఇంకో వెలుతురు పడింది.

కంచె అవతల జుడికేల్, పైజామాలో.
"ఆగిపోయింది కదా," అన్నాడు,
"నాకూ నిద్ర పట్టలేదు."