లవంగాల లెక్క

నోటీసు నాకు కొత్త గాదు.
అదాలత్ ఎదురుంగ జిరాక్సు షాపుల పదకొండేండ్ల సంది
రోజుకు ఇరవై కొడుత.
"ఇందుమూలముగా తమకు తెలియజేయునది ఏమనగా"
నిద్రల గూడ నా వేళ్ళు కొట్టే వాక్యం.
కానీ కుడికాల ఉదయశ్రీ, దేశాయిపేట, ఇంటి నంబరుతో సహా
నన్ను నేనెన్నడు కొట్టుకోలే.

నక్కలగుట్ట సూపర్ మార్కెట్, దసరా ముందటి మంగళారం.
కందిపప్పు, నూనె, రెండు సబ్బులు,
పదకొండు వందల ముప్పై రెండు. కట్టిన.
సంచిలకు గాక హ్యాండ్‌బ్యాగులకు పోయింది
యాభై గ్రాముల లవంగాల పాకెట్. తొంభై ఆరు.
మరిచిపోయిన అనొచ్చు. చానమంది అంటరట.
మరువలే.
చెయ్యి పోయింది, పోతుంటే నేను చూసిన.
ఇంట్ల డబ్బల లవంగాలు ఉండె గూడ.

గేటుకాడ, సమ్మయ్య అని బ్యాడ్జి ఉన్న పిలగాడు
"అక్కా, జర లోపలికి రా" అన్నడు మెల్లగ.
మెల్లగ అన్నందుకే ఏడుపొచ్చింది.
మెట్ల కింద అర్ర, అట్టపెట్టెలు, తిరగని ఫ్యాను.
మేనేజరు అడిగిండు: "మొదటిసారా?"
అవునన్న.
ఆ జవాబుల రెండోసారికి గూడ కుర్చీ ఏసినట్టే ఉంటదని
అన్నంక తెలిసింది.
పాకెట్ పట్టుకొని ఫోటో దిగమన్నరు.
తెల్లకాయిదం మీద సంతకం.
లవంగాలు మళ్ళ అరలకే పోయినయి, సీలు తెగలే.
రాత్రి అన్నం కలుపుతుంటె
చేతికి వాటి వాసన. కవర్ల ఉన్నయాయె, ఎట్లొస్తది?
వచ్చింది.

ఇప్పుడు పన్నెండు వేల ఐదు వందలు.
భద్రతా ఖర్చులు, సిబ్బంది సమయం, సంస్థ ప్రతిష్ఠ.
పదిహేను రోజులల్ల కట్టకుంటే తగు చర్యలు.
తగు చర్యలు!
ఎనుక ఏమీ లేనప్పుడు గూడ
వకీళ్ళు నాతోని ఏపిచ్చే మాట, బోల్డు జేసి.
తెలుసు. అయినా పొయ్యికాడ నిలవడి
కమ్మలు కుదువ పెడితే ఎంతొస్తదని లెక్క జేసిన.
పొద్దుగాల పొద్దుగాల కొత్త నంబరు, ఆడగొంతు:
"మేడం, ఫోటో మీ ఇంటాయనకు పంపమంటరా?"

ఐదో రోజు ఖలీల్ సాబ్ ముందల పెట్టిన,
నలభై ఏండ్ల గుమాస్తా, చాయ్‌కి వచ్చిండు.
ఎవరిదని అడగలే. పేరు చదివిండు,
అద్దాలు తీసి తుడుచుకుండు, మళ్ళ పెట్టుకుండు.
"ఇది అడుగుడు బిడ్డా, తీర్పు గాదు.
సొమ్ము వాళ్ళకు ముట్టె. నష్టమేందో చూపియ్యమను.
కేసు పెడతరా, అది వేరే ముచ్చట, దానికి భయముంటే ఉండని.
ఈ అంకె మాత్రం వాళ్ళు రాసుకున్నది."
చాయ్ సల్లారింది.
"ఇంటాయనకు నువ్వే చెప్పు. ఫోనుకన్న ముందుగాల."

చెప్పిన.
ఏమన్నడో ఇక్కడ రాయ.
మూడు రోజులు మాటల్లేవు. నాలుగో పొద్దు
కమ్మలున్నయా లెవ్వా అని నా చెవుల దిక్కు చూసిండు.

షట్టరు సగమే లేపి నా జవాబు కొట్టిన.
తీసిన మాట నిజం. అది మొదటి వాక్యం.
"పొరపాటున" అని వేలు దానంతటదే కొట్టింది,
ఒక్కొక్క అక్షరం చెరిపిన.
వస్తువు అప్పుడే తిరిగి ముట్టింది.
మిగిలినవాటికి రశీదులు పంపగలరు.
ఇగ ఫోను గాదు, కాయిదం.

ఖలీల్ సాబ్ ఎర్రపెన్నుతోని మొదటి వాక్యమే కొట్టేసిండు.
"ఇది వాళ్ళకెందుకు?"

పేజీకి ముప్పై. గల్లల నేనే ఏసిన,
ఓనరు రాకముందే, చిల్లరతో సహా.
రిజిస్టర్ పోస్టు రశీదు బియ్యం డబ్బ కింద ఉంది.
వాళ్ళ దిక్కెల్లి ఇంకా ఉలుకు లేదు పలుకు లేదు.

కొట్టేసిన వాక్యం మిగిలింది.
యాడ పెట్టాల్నో తెల్వక
ఇక్కడ పెడుతున్న.