లాంపు రూము కిటికీ

ఏడో తరగతి అశ్విత కాపీ పట్టుకొచ్చి
మా క్వార్టరు మెట్ల మీద కూసున్నది.
"పెద్దమ్మా, వేరే గ్రహం మీదికి పోయినోళ్ళు
అక్కడ నిజంగ ఏం జేస్తరు? రెండు పేజీలు రాయాలె."
జెండా పాతుతరని ఒక పేజీ నిండిందట.
రెండో దానికి ఏం దొరుకుతలేదట.

మందమర్రి నుంచి రైలెక్కింది మూడుసార్లు నేను,
నన్నడుగుతది ఆకాశం సంగతి!
కని, ఇరవై రెండేండ్లు
మూడో నంబరు బాయి గడపల
లాంపు రూముల కూసున్న.
మనిషిది కాని తావుకు మనిషి ఎట్ల పోతడో
గంతవరకు ఎరుకే.

రాసుకో బిడ్డా.

జెండాకు అర్ధగంట.
ఫొటోలకు ఇంకో పావుగంట.
ఇగ మిగిలిన ఐదువందల దినాలు
తుడుసుడే.
దుమ్ము.
ఎర్రదో నల్లదో, రంగొక్కటే తేడా.
బట్టల మడతల, జిప్పు పండ్లల్ల, గోర్ల సందుల,
తినే రొట్టెల కరకర.
మా ఓదెలు రెండు బకెట్ల తానం జేసినంక గూడ
దిండు మీద తల అచ్చు నల్లగ పడేది.
ఆ గలీబు ఒకటి ఉతుకకుంట దాసిన.
అది రాయకు.

లేస్తనే గాలి చూస్తరు,
తిండికంటె ముందు, దేవునికంటె ముందు.
సర్దారు దీపం వత్తి తగ్గించి
మంట మీద నీలి టోపీ లేస్తదా అని చూసినట్టు
వాళ్ళు ఏ డబ్బా ముల్లో చూస్తరు.
ముల్లు బాగుంటె ఎవ్వలు ఏం మాట్లాడరు.
ఆ మాట్లాడకపోవుడే అక్కడ పండుగ.

గుహల ఉంటె కప్పు కొట్టి చూస్తరు.
గణగణ అంటె గట్టిది.
డబడబ అంటె, ఎనుకకు నడువు.
"అక్కడ గాలి పల్చన, సప్పుడు సరిగ ఇనపడది" అన్నది అశ్విత,
సైన్సు సారు చెప్పిండట.
అయితె చెయ్యి ఆనించి ఇనాలె.
ఓదెలు చెయ్యి ఆనించే ఇనేటోడు.

మోటరు చెడిపోతది, బాగు జేస్తరు.
బాగు జేసే పానా చెడిపోతది,
దాన్ని గూడ బాగు జేస్తరు.
నీళ్ళు గ్లాసు గ్లాసు లెక్కపెడ్తరు.
ఉచ్చ వడగట్టుకోని మళ్ల తాగుతరు.
ఛీ అన్నది. రాసుకున్నది.

ఇగ రాళ్ళు ఏరుతరు. గీ పని నాకు నచ్చింది.
ఒకపాలి ఓదెలు టిఫిను డబ్బల రాయి తెచ్చిండు,
దాని మీద ఆకు అచ్చు, ఈనెతోని సహా.
చూసెటందుకు మనిషే పుట్టని నాటి ఆకు.
మేనేజరుకు చూపెడితె
"బొగ్గుల రాళ్ళు కలుపకు" అన్నడట.
ఇప్పుడది మా చింతపండు జాడి మూత మీద బరువు.
గంత దూరం పోయినోళ్ళు గూడ
గిసుంటి ఒక్క ఆకు కోసమే గావచ్చు
గన్ని దినాలు దుమ్ము తుడిసేది.

రెండు పేజీలు నిండినయి, లేవబోయింది.
కూసో, ఒకటి మర్సిన.

కిటికీ కాడ ఒకలుంటరు.
పోయేటోనికి దీపమిచ్చి బిళ్ళ తీసుకుంటరు,
వచ్చినంక దీపం తీసుకోని బిళ్ళ ఇస్తరు.
మొలకు బిళ్ళ యేలాడుతున్నదంటె
మనిషి ఇంకా లోపటనే ఉన్నడని.
షిఫ్టు దిగినా, బువ్వ సల్లారినా,
పలక ఖాళీ అయ్యేదాక
ఆ కుర్సీల నుంచి లేవద్దు.

ఓదెలు బిళ్ళ నూట పద్దెనిమిది.
ఆ దినం కిటికీల కూసున్నది నేను కాదు.
తర్వాతనే ఈ కొలువు నాకిచ్చిండ్రు.
ఆ మొల
నేనున్నన్ని దినాలు ఎవ్వలికి ఇయ్యలె.
దుమ్ము మాత్రం రోజూ తుడిసిన.

అశ్విత పెన్ను మూతి కొరికింది.
"మరి గక్కడ కిటికీల ఎవలు కూసుంటరు పెద్దమ్మా?"

లెక్కల కాపీల నుంచి
మూడో కాయితం చింపింది.