రెండు లీటర్లు

రాత్రి రెండింటికి
చెరువు గట్టు మీద నీతో మాట్లాడ్డం నాకు అలవాటు.
మోకాళ్లు ఇదివరకులా వంగవు ప్రభువా,
టార్చిలైటు చంకన ఇరికించుకుని, చెక్‌ట్రే పైకి లాగుతూ
ఉన్నదున్నట్టు చెబుతాను:
మూడో చెరువులో మేత మిగిలింది.
పెద్దాడికి జ్వరం జారింది.
సలోమికి చెవిపోటు తగ్గలేదు, అది కొంచెం చూడు.
నువ్వు జవాబివ్వవు.
ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి.
ఆ చప్పుడు ఉన్నంతసేపూ
ఇంకెవరో కూడా మేలుకునే ఉన్నారనిపిస్తుంది.

పోయిన శనివారం నీకు చెప్పని సంగతి ఒకటుంది.
చెప్పలేదంటే నీకు తెలీదని కాదు,
ఆ వైపు టార్చి వెయ్యలేదు, అంతే.

మందిరానికి కొత్త రేకులు. ఇంటికి రెండొందలు.
పాస్టరమ్మగారి పుస్తకంలో
నా పేరుకెదురుగా ఖాళీ.
జనరేటరు డబ్బాలోంచి రెండు లీటర్లు వంచి
ఉప్పుటేటి రేవులో పడవ కుర్రాడికి అమ్మాను.
ఆదివారం కానుక సంచి నా ముందుకొస్తే
నోటు నాలుగు మడతలు పెట్టి వేశాను.
ఎంత సబ్బు రుద్దినా చేతికి డీజిలు వాసన,
పాటల పుస్తకం అట్టకీ అంటింది.
ఆ రోజు అందరికన్నా గొంతెత్తి పాడింది నేనే.

సోమవారం మబ్బు. ఆకు కదల్లేదు.
రెండూ నలభైకి కరెంటు పోయింది.
గట్టు మీద కుక్క లేచి కూర్చుంది.
జనరేటరు అందుకుంది, గంటా పావు తిరిగింది,
దగ్గింది, మళ్లీ దగ్గింది.
డబ్బా తిరగేసి కొడితే అడుగు మోగింది.
రొయ్యలు నీళ్లంచుకు వచ్చేస్తున్నాయి,
టార్చి వెలుగులో ఎర్రెర్రగా వేల కళ్లు
అన్నీ గాలి కోసం,
అన్నీ నా వైపే.

నిన్ను పిలవలేదు. ఏ నోటితో పిలవను?
సలోమిని పిలిచాను.
చెవిలో దూది కుక్కుకుని, కుచ్చెళ్లు దోపి దిగింది.
నాకు తెడ్డు, దానికి బిందె.
మొలలోతు నీళ్లలో కొట్టాం, ముంచాం, ఎత్తి పోశాం.
"డబ్బా నిండా ఉందన్నావు కదా?"
చెప్పాను.
బిందె ఆగింది.
మళ్లీ మునిగింది.
"తర్వాత ఏడుద్దువుగాని, కొట్టు."

నువ్వు నీళ్ల మీద నడిచావంటారు.
ఆ రాత్రి మాత్రం బురదలో, మా పక్కన
ఇంకో తెడ్డు చప్పుడు విన్నానని ఒట్టు పెట్టలేను.
వినలేదనీ పెట్టలేను.

ఐదింటికి కరెంటొచ్చింది.
తెల్లారేసరికి నాలుగు బస్తాల సరుకు తేలింది.
రాజుగారు బండి దిగి, గట్టంతా నడిచి,
"ఈ కరెంటోళ్లని తగలెయ్య" అన్నారు.
తలూపితే అయిపోయేది.
ఎక్కడో పాకలో కోడి కూసింది.
దాని పని అది చేస్తుంది.
"కాదండి. రెండు లీటర్లు నేనే తీశానండి."
ఆయన చాలాసేపు నీళ్ల వంకే చూశారు.
"చెప్పమని నిన్నెవడు అడిగాడురా ఏలీయా?"
అది కోపమో, జాలో, ఇప్పటికీ తెలీదు.
సగం జీతం కోశారు.
తాళాలగుత్తి మాత్రం అడగలేదు.

మందిరం మీద కొత్త రేకులు మెరుస్తున్నాయి.
వాటిలో ఓ జానెడు నాదని ఎవరికీ చూపించను.
వాన పడితే దాని కిందే కూర్చుంటాను,
కారుతుందేమో చూద్దామని.

ఇవాళ అమావాస్య. రొయ్య గుల్ల విడుస్తుంది.
కొత్తది గట్టిపడేదాకా
మెత్తటి ఒంటితో అడుగున పడి ఉంటుంది,
ఏది వచ్చి కొరికినా కొరకనీ అన్నట్టు.
నేనూ అలాగే వచ్చాను.
మూడో చెరువులో మళ్లీ మేత మిగిలింది.
సలోమి చెవిలోకి నీళ్లు పోయి పోటు ఎక్కువైంది,
అది నా పద్దులో రాసుకో.
డబ్బాలో పదకొండు లీటర్లు.
ఇప్పుడే కొలిచాను.
కావాలంటే చేతులు వాసన చూడు.