సున్నం గీత

మా ఇంట్లో విదేశం వెళ్ళిన మొదటి మనిషిని నేను కాదు.
నాన్న ముందే వెళ్ళాడు,
వీసా లేకుండా, చేప వెనకాల.
వీరావల్ బోటుకి కూలికి పోయి
పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉండి వచ్చాడు.
ఆ రోజుల్ని మా ఇంట్లో
'నాన్న ఊళ్ళో లేనప్పుడు' అంటాం.

అందుకే పాస్‌పోర్టు ఎంక్వైరీకొచ్చిన కానిస్టేబులు
టీ ఊదుకుంటూ
"మీ ఇంట్లో ఎవులైనా బయటి దేశం ఎల్లారేటి?" అంటే
తట్ట కడుగుతున్న అమ్మ చెయ్యి ఆగింది.
వల బాగుచేస్తున్న నాన్న తలెత్తలేదు.
పీఈటీ జగన్నాయకులు మాస్టారు దగ్గి
"కబడ్డీకండి బాబూ, మలేసియా, అండర్ ఫోర్టీన్" అన్నారు.
అడిగింది అది కాదని ఆయనకీ తెలుసు.
కానిస్టేబులుకీ తెలుసనుకుంటాను,
కళింగపట్నం దీపస్తంభం కింద ఈ పేటలో
ఏ గడపలో అడిగినా ఇదే నిశ్శబ్దమని.
గ్లాసు బోర్లించి, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం వచ్చింది. నా పేరు రెండు ముక్కలైంది.
నూక ఒక చోట, రత్నం ఇంకో చోట.
అది మా నానమ్మ పేరు.
"పోన్లే గుంటా, సగం నువ్వెల్లు,
సగం నన్ను ఎల్లనీ" అంది.

షూ ఐసు ఫ్యాక్టరీ ఓనరు కొన్నాడు.
ఒక సైజు పెద్దవి. ముందర గుడ్డపీలిక కుక్కాను.

బయల్దేరే ముందు సాయంత్రం
నాన్న మొదటిసారి మా గ్రౌండుకొచ్చాడు.
చాలాసేపు నడిమి గీత దగ్గర నిలబడ్డాడు.
"ఇది దాటితే ఏటవుద్ది?"
దాటాలి నాన్నా. దాటి, ముట్టుకుని,
ఊపిరి తెగకుండా వెనక్కి రావాలి.
"పట్టేసుకుంటే?"
అవుటు. బయట కూర్చోవాలి.
"ఎన్నాల్లు?"
నవ్వొచ్చింది నాకు. ఎన్నాళ్ళేంటి,
మనోళ్ళెవరైనా పాయింటు తెచ్చేదాకా.
నాన్న నవ్వలేదు.
చెప్పు కొనతో సున్నాన్ని కొంచెం గీకి చూశాడు.
"మీకు సున్నం పోత్తారు. నయమే.
నీల్లల్లో ఎవుడూ పొయ్యడు."

రాత్రి విమానం. కిటికీ సీటు కెప్టెన్ దానేశ్వరి లాక్కుంది.
దాని భుజం మీంచి వంగి చూశాను.
కింద పడవల దీపాలు,
చాటలోంచి జారిన నూకల్లా, అక్కడొకటి అక్కడొకటి.
గీత కోసం వెతికాను.
దానేశ్వరి మోచేత్తో పొడిచింది, "ఊపిరాడట్లేదే" అని.

అక్కడ అద్దం వెనక ఆఫీసరు
నవ్వలేదు, అరవలేదు.
టప్‌మని ఒక ముద్ర కొట్టి
పదమన్నట్టు గడ్డం ఎత్తాడు.
అంతే.

మూడు ఆటల్లో రెండు ఓడిపోయాం.
రెండో ఆటలో, నా మొదటి కూతకే
రెండు జడల పిల్ల మడమ దొరకబుచ్చుకుంది.
బయట కూర్చున్నాను.
నాలుగు నిమిషాలేనని మాస్టారు తర్వాత చెప్పారు.
నేను మాత్రం సిమెంటు గచ్చు మీద
గోరుతో గీతలు పెడుతున్నాను, ఎందుకో.
నాన్న కూడా అక్కడ ఇలాగే పెట్టాడా?
ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.
దానేశ్వరి ఇద్దర్ని ముట్టుకుని గీత మీద పడింది.
నేను లేచాను.

ఇంటికొచ్చాక నాన్న పుస్తకం అడిగాడు.
చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని
ముద్ర మీద వేలు పెట్టాడు.
"ఇంతేనా? బొట్టుబిళ్ళంత నేదు."
ఇంకేమీ అనలేదు.
ట్రంకుపెట్టె అడుగునుంచి తన కాగితం తీశాడు,
ఒక్కసారి ఇంటికి రావడానికి మాత్రమే పనికొచ్చిన
తెల్ల కాగితం, మడతల దగ్గర చిరిగింది.
నా పుస్తకంలో పెట్టి మూశాడు.
ఉప్పుగాలికి చెమ్మగిల్లకుండా
అమ్మ రెండింటినీ కలిపి
వలదారం కవరులో చుట్టింది.

మంచం మీంచి నానమ్మ పిలిచింది,
"ఒలే, నా సగానికి ఏటి తెచ్చేవు?"
హోటల్ సబ్బు చేతిలో పెట్టాను.
కాగితం విప్పలేదు. వాసన చూసి
తలగడ కింద దాచుకుంది.