నాలుగో దశ

పుస్తకంలో కాన్పుకి మూడు దశలు, బొమ్మలతో.
నాలుగోది అధ్యాయం చివర, చిన్న అక్షరాల్లో,
రెండు మార్కుల ప్రశ్న.

పేట్లబురుజు, లేబర్ రూము, ఐదో టేబులు.
నుజ్హత్, ఇరవై ఒకటి, రెండో కాన్పు.
హసన్‌నగర్‌లో ఇంట్లో కూచొని గాజులకి రాళ్ళంటిస్తుంది.
వేళ్ళ కొనల మీద ఎండిన జిగురు పొర.
పల్స్ మిషను ఆ వేలిని గుర్తుపట్టలేదు,
చెవి తమ్మెకి తగిలించాను.
రక్తం ఎనిమిదిన్నర, ఎర్ర సిరాతో రాసి ఉంది.
ఐరన్ గోళీలు మింగావా అంటే
దిండు కింద ఉన్నాయంది, నిజాయితీగా.

నొప్పి నొప్పికీ నా మణికట్టు ఆమెది.
"హాత్ నక్కో ఛోడో సిస్టర్."
వదల్లేదు. ఎడమ చేత్తోనే షీటు నింపాను,
అక్షరాలు కోడి గీకినట్టు వచ్చాయి.
నడుము కింద పిడికిలి పెట్టి ఒత్తితే
"హౌ, వహీచ్, వహీచ్" అంది
పోయిన తాళంచెవి దొరికినట్టు.

రెండూ నలభైకి పాప.
రెండు కిలోల ఆరొందలు,
గొంతు మాత్రం నాలుగు కిలోలు.

అంతే, గది ఖాళీ.
పాప వెంట ఆయమ్మ, ఆయమ్మ వెంట నానమ్మ,
నానమ్మ వెంట మెట్ల మీద కునుకుతున్న చుట్టాలంతా.
చెవిలో అజాన్, చేతుల్లో నోట్లు, ఫోన్లలో ఫొటోలు.
తలుపు ఊగి ఊగి ఆగింది.
ట్యూబులైటు, నేను, ఆమె.

నేను కొత్తగా చేరినప్పుడు రాహేలు సిస్టర్ చెప్పేది:
"బిడ్డను చూడనీకి బస్తీ అంతా ఉంటది పిల్లా,
నువ్వు బట్టను చూడు."
చెప్పి, గోడ గడియారం కేసి చాలాసేపు చూసేది.
ఎవర్ని తలుచుకుంటోందో నేను అడగలేదు.

బొడ్డు కింద అరచెయ్యి ఆనించాను.
బత్తాయిలా గట్టిగా ఉండాలి.
ఉంది. పావుగంటకీ ఉంది.
అరగంటకి నా చేతి కింద
నానిన రొట్టెలా జారిపోయింది.
బట్ట మార్చాను. మళ్ళీ మార్చాను.
మూడోది బరువుగా, వెచ్చగా.
డాక్టరమ్మ పక్క థియేటర్లో,
చేతులు ఇంకొకరి కడుపులో.
కేక వేశాను. సెలైన్‌లో మందు వేగం పెంచాను.
రుద్దుతూనే ఉన్నాను.
గర్భసంచి కుడివైపుకి ఒరిగి ఉంది,
దేనికో దారిచ్చినట్టు.

అప్పుడు తట్టింది.
"ఒంటికి ఎప్పుడు పోయావమ్మా?"
ఆమె కళ్ళు తెరకేసి తిరిగాయి.
తెర అవతల రాత్రంతా వార్డుబాయ్ స్టూలు.
ఇవతల బేసిన్ అడగలేని సిగ్గు.
నాలుగు గంటలు మణికట్టు ఇచ్చాను,
ఆ ఒక్క మాట నేనూ అడగలేదు.

గొట్టం వేశాను.
ఏడొందల మిల్లీలీటర్లు,
సాయంత్రం నుంచి దాచుకున్నది.
సంచి నెమ్మదిగా నడిమికి వచ్చింది.
బిగిసింది. ఇంకా బిగిసింది.
నాలుగో బట్ట మీద అణా కాసంత మరక.
డాక్టరమ్మ పరుగున వచ్చి, నొక్కి చూసి,
"టోన్ బాగుంది" అని మళ్ళీ పరుగున పోయింది.

చాయ్‌లో బన్ను ముంచి తినిపిస్తుంటే
నుజ్హత్ నా మణికట్టు చూసింది.
నాలుగు గోళ్ళ గుర్తులు,
పక్కనే అంటుకుపోయిన చిన్న రాయి, ఎర్రది,
ఆమె వేళ్ళ నుంచి ఎప్పుడు రాలిందో.
గోటితో తీయబోయింది.
ఉండనీ అన్నాను.

ఎనిమిదింటికి డ్యూటీ దిగి
మదీనా దగ్గర బస్సు కోసం నిలబడ్డాను.
బండి మీద బత్తాయిలు.
ఒక్కోటీ నొక్కి చూస్తుంటే బండాయన కసిరాడు:
"కొంటే కొను మేడం, పిసకకు!"
అన్నీ గట్టిగానే ఉన్నాయి.
ఒకటి మెత్తగా తగిలింది.
దాని మీంచి చెయ్యి తీయడానికి
నాకు కాసేపు పట్టింది.