ఇంకో దస్తగిరమ్మ

ఆదోని పత్తిమార్కెట్ గేటు కాడ
ఉగ్గాని బండి.
తొలి వీడియో తీసింది నేనే.
"నవ్వు పిన్నమ్మా" అంటే
పచ్చిమిరపకాయ ఇసిరింది నా మీదికి.
ఆ ఒక్క ఇసురుకే
నాలుగు లక్షల మంది చూసినారు.

ఇప్పుడు నా కొత్త ఫోన్లో
ఇంకో దస్తగిరమ్మ
నూనె డబ్బా పట్టుకొని నవ్వుతాంది.
అదే ముక్కుపుడక, అదే గొంతు.
పిన్నమ్మకు రాని తమిళం గూడా మాట్లాడుతాది.
మిరపఘాటుకు మాత్రం దగ్గదు.

నిన్న గుంతకల్లు నుంచి వచ్చిన పిల్లోళ్లు
ఫోన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి
"ఈమె కాదులే" అని పోయినారు,
తినకుండానే.

తడిసిన బొరుగులు పిండుతా
పిన్నమ్మ అడిగింది:
"అంత పని చేస్తాంది గదా,
దాని కూలి యెవురికి పోతాంది రా?"

నా నోట్లో బజ్జీ ఉంది.
శానా సేపు నమిలినా.